మాలి కొండ నెత్తిన చెట్లెందుకు ఎదగవు?

రాయగడలో బండెక్కి కోరాపుట్ వైపు వెళ్ళేటప్పుడు ఫోను జేబులో పెట్టి కొండల్ని చూడమన్నాను. చూశావా బాబూ? మన సాలూరు, పార్వతీపురం వైపు కొండలకి మొన ఉంటుంది. ఇక్కడ కొన్నిటికి ఉండదు. వాలంతా అడవి, నెత్తి మాత్రం చదును. ఆ చదును మీద గడ్డీ, పొట్టి పొదలూ తప్ప పెద్ద చెట్టు కనపడదు. కొత్తగా చూసినవాళ్ళు ఎవరో నరికేశారనుకుంటారు. చాలావరకు అది నిజం కాదు. అక్కడ చెట్టు ఎదగడమే కష్టం. పంచపట్‌మాలి, బాఫ్లిమాలి, కుట్రుమాలి, సిజిమాలి... ఈ చుట్టుపక్కల పేరుకి చివర ‘మాలి’ అని ఉన్న కొండలు చాలావరకు ఆ జాతివే.

నిన్న మీ కాలేజీ ప్రాజెక్టుల పుస్తకం తిరగేశాను. సివిల్ వాళ్ళు అల్యూమినియం పరిశ్రమలో మిగిలే ఎర్ర బురదతో ఇటుకలు చేస్తారట. మెటీరియల్స్ వాళ్ళు అదే బురదలోంచి అరుదైన లోహాలు తీస్తారట. ఇంకొకళ్ళు వాననీటి లెక్కలు. మీ చెల్లి చదివే సోషల్ వర్క్ వాళ్ళు నిర్వాసిత కుటుంబాల మీద సర్వే. బాగానే ఉన్నాయి. కాకపోతే పక్క పేజీలో ఏముందో ఒక్కళ్ళూ చూసినట్టు లేదు. నాకు మాత్రం ఇవన్నీ ఒకే కొండని తలోవైపు నుంచీ తవ్వుతున్నట్టు కనిపించాయి. అంచేత కొండతోనే మొదలెడతాను, విను.

ఈ కొండల అసలు రాయి ఖోండలైట్. ఇక్కడి కోంధు గిరిజనుల పేరు మీదే 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. నీకు కొత్తదేం కాదు. విశాఖలో కైలాసగిరి ఎక్కావు కదా, అదీ ఇదే రాయి. కోణార్క గుడి గోడల్లో ఎక్కువ భాగమూ ఇదే. ఇందులో తెల్ల ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసే క్వార్ట్జ్, ఎర్రటి గార్నెట్, సిలిమనైట్ కలిసి ఉంటాయి. సిలికా, అల్యూమినియం, ఇనుము, కొంచెం పొటాషు, సోడా అన్నమాట.

ఇప్పుడు దీని మీద లక్షల ఏళ్ళు వాన కురిపించు. అదీ మన వాన. వేడిగా ఉన్న నేల మీద నాలుగు నెలలు దంచి కొట్టి, మిగతా ఎనిమిది నెలలు ఎండబెట్టేది. రాతి సందుల్లోంచి దిగే నీరు ముందు పొటాషునీ, సోడానీ పట్టుకుపోతుంది. తర్వాత నెమ్మదిగా సిలికాని. నీటిలో ఎంతకీ కరగని మొండివి ముఖ్యంగా రెండు మిగులుతాయి, ఇనుమూ అల్యూమినియమూ. మొనదేలిన కొండ మీద అయితే వాన పడీ పడకముందే జారిపోతుంది, పైమట్టిని కూడా లాక్కుపోతుంది. చదునైన నెత్తి మీద నీరు నిలిచి, ఇంకి, కింద పక్కలకి ఊరుతూ బయటికి పోతుంది. అల్యూమినియం ఎక్కువగా మిగిలిన ఆ రాయే బాక్సైట్. అది తయారవడానికి ఆ నిదానం కావాలి. కనకనే అది లోయలో కాకుండా ఈ చదును తలల మీద దొరుకుతుంది.

ఆ చెట్ల ప్రశ్నకి జవాబు కూడా అందులోనే ఉంది. మొక్కకి కావలసిన పొటాషు, సున్నం లాంటివి ఎప్పుడో కొట్టుకుపోయాయి. మిగిలిన పొర గట్టిగా, గుల్లగా ఉంటుంది. మీద ఉన్న మన్ను పలచన. వేరు దిగదు, దిగినా తినడానికేం లేదు. వాలు మీదికి వచ్చేసరికి మన్ను పేరుకుంటుంది, నీరు బయటపడుతుంది, అడవి మొదలవుతుంది.

ఆ నీటి సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. బాక్సైట్ పొర నిండా చిల్లులే. వాన అందులోకి సులువుగా దిగుతుంది. ఆ పొర కింద, సగం మారి సగం మారని రాయి తెల్లటి బంకమట్టి అయి కూచుంది. మీవాళ్ళు కేయోలిన్ అంటారు. బంకమట్టి నీటిని కిందికి పోనివ్వదు. అడ్డం తగిలిన నీరు పక్కకి నడిచి, కొండ భుజం దగ్గర ఊటగా పుడుతుంది. ఎండాకాలంలో కూడా ఆగకుండా పారే గెడ్డలు చాలావాటికి పుట్టిల్లు ఆ గీతే. ఊళ్ళు కూడా ఆ గీతని చూసుకునే కట్టుకున్నారు.

ఈ గెడ్డలు కలిసి కలిసి ఎక్కడికి పోతాయనుకున్నావు? రాయగడని ఒరుసుకుంటూ వెళ్ళే నాగావళి, నియమగిరి వైపు నుంచి దిగే వంశధార, రెండూ మన శ్రీకాకుళం జిల్లాలోనే సముద్రంలో కలుస్తాయి. తోటపల్లి కాలవ కింద, గొట్టా బ్యారేజీ కింద వరి ఊడ్చే రైతు ఈ కొండల పేర్లు విని ఉండకపోవచ్చు. నీళ్ళు మాత్రం ఇక్కడివే.

మా నాన్నగారి చిన్నప్పుడు ఇదంతా విశాఖపట్నం జిల్లాయే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యాక అటు చేరింది. గీత గీసింది దొరలు, తెలుగు మాత్రం ఇక్కడి అంగళ్ళలోంచి పోలేదు. ఇంకో ముచ్చట. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ 1930ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు విరాళం ఇచ్చేవాడు. అక్కడి సైన్సు, టెక్నాలజీ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. వాల్తేరులో సైన్సు చదివి పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ ప్రయోగశాలల గోడల్లో ఈ కొండల రాబడి ఉంది.

సరే, రాయి దగ్గరికి వద్దాం. 1970ల్లో భూగర్భ సర్వే వాళ్ళు తూర్పు కనుమల బాక్సైట్ లెక్క తేల్చాక, 1981లో నాల్కో అనే ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ పుట్టింది. పంచపట్‌మాలి మీద తవ్వకం, కింద దామన్‌జోడిలో శుద్ధి కర్మాగారం. ఆ కొండ చదును 18 కిలోమీటర్లు సాగుతుంది. పైనుంచి కిందికి రాయిని లారీలు దింపవు. 14.6 కిలోమీటర్ల బెల్టు, మధ్యలో ఎక్కడా తెగకుండా, వంపులు తిరుగుతూ మోసుకొస్తుంది. మెకానికల్ చదివేవాడు అది ఒక్కసారైనా చూడాలి. అంత పొడుగు బెల్టుని ఉక్కు తాళ్ళ మీద నడిపిస్తూ మలుపు తిప్పడం చిన్న విషయం కాదు.

కింద జరిగేది కెమిస్ట్రీ. దాన్ని కనిపెట్టిన కార్ల్ యోసెఫ్ బాయర్‌కి అల్యూమినియం తీయాలన్న ఆలోచనే లేదు. ఆస్ట్రియా వాడు, రష్యాలో పనిచేసేవాడు. అక్కడి అద్దకం మిల్లులకి శుభ్రమైన అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడు, కావలసి వచ్చింది. పెడనలో, శ్రీకాళహస్తిలో కలంకారీ వాళ్ళు గుడ్డకి పటిక పట్టించి ఆ మీద ఎర్ర రంగు వేస్తారే, ఉతికినా పోకుండా రంగుని పట్టి ఉంచేది ఆ పటికలోని అల్యూమినియమే. ఆ పని కోసమే 1887, 88 ప్రాంతాల్లో బాయర్ తన పద్ధతి తయారు చేశాడు. అంతకి ఏడాది ముందే కరెంటుతో అల్యూమినాని లోహంగా మార్చే దారి అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ, ఒకరినొకరు ఎరగకుండానే కనిపెట్టారు. రెండూ కలిసేసరికి రాజుల డైనింగు టేబుళ్ళ మీద ఉండే లోహం మీ మామ్మ సిల్వరు తపేలా అయింది.

బాయర్ చేసింది ఇదీ. బాక్సైట్ పొడిని వేడి కాస్టిక్ సోడాలో వేస్తే అల్యూమినియం భాగం కరుగుతుంది, ఇనుమూ టైటానియమూ కరగవు. కరగనిదాన్ని అడుక్కి దింపేసి, పైన తేరుకున్న ద్రావణంలో అంతకుముందు తయారైన గింజలు కాసిని చల్లుతారు. పటికబెల్లం చేసేవాడు పాకంలో దారం వేలాడదీస్తే దాని చుట్టూ పలుకులు కట్టినట్టు, ఆ గింజల చుట్టూ తెల్లటి హైడ్రేట్ కడుతుంది. దాన్ని వెయ్యి డిగ్రీలకి పైన కాలిస్తే అల్యూమినా. మన తూర్పు కనుమల రాయిలో అల్యూమినియం ఎక్కువగా గిబ్సైట్ అనే రూపంలో ఉంటుంది. సోడాలో అది తేలిగ్గా కరుగుతుంది. అంచేత దామన్‌జోడిలో పెద్ద ఒత్తిడి పాత్రల అవసరం లేకుండా మామూలు గాలి ఒత్తిడి దగ్గరే పని అవుతుంది. ఆ పరిజ్ఞానం ఫ్రాన్స్ కంపెనీ పెషినేది.

కొండ ఇక్కడ, సోడా గిన్నె ఇక్కడ, లోహం మాత్రం ఇక్కడ పుట్టదు. టన్ను అల్యూమినియం తీయడానికి 13, 14 వేల యూనిట్ల కరెంటు కావాలి. నెలకి 100 యూనిట్లు కాల్చే ఇల్లు సుమారు పదకొండేళ్ళు బతికే కరెంటు అది. మన దేశంలో అంత కరెంటు ఎక్కువగా బొగ్గు ఉన్న చోటే దొరుకుతుంది. కాబట్టి అల్యూమినా రైలెక్కి అంగుల్ వెళ్తుంది, కొంత విశాఖ రేవుకి పోతుంది. నువ్వు వచ్చిన కోరాపుట్-రాయగడ లైను 1998 చివర్లో పూర్తయింది. దాని మీద మనుషుల బళ్ళ కన్నా గూడ్సులే ఎక్కువ తిరుగుతాయి. పాత తపేలా కరిగించి కొత్తది పోస్తే ఈ కరెంటులో ఇరవయ్యో వంతు చాలు. సామాన్లవాడు ఇంటింటికీ తిరిగి పాత సిల్వరు అంత ఆశగా ఎందుకు కొంటాడో ఇప్పుడు అర్థమయిందా?

ఇక అడుక్కి దిగిపోయిన ఎర్ర బురద. టన్ను అల్యూమినాకి టన్ను నుంచి టన్నున్నర దాకా వస్తుంది. కడిగినా కొంత సోడా వదలదు. చెయ్యి పెడితే జిడ్డుగా జారుతుంది, మండుతుంది కూడా. దాన్ని కట్టలు కట్టి చెరువులా నిలవ చేస్తారు. 2010 అక్టోబరు 4న హంగరీలో అయ్కా దగ్గర అలాంటి కట్ట ఒకటి తెగింది. బురద ఊళ్ళ మీద పడి పది మంది పోయారు. చాలామందికి ఒళ్ళు కాలింది, వేడికి కాదు, క్షారానికి. అప్పటి నుంచీ బురదని పిండి, గట్టి ముద్దలా చేసి పేర్చే పద్ధతికి ప్రపంచమంతా మొగ్గు పెరిగింది. అయినా పేర్చినది పెరుగుతూనే ఉంటుంది కదా.

పరిశోధన అంతా ఇక్కడ గుమిగూడింది. భువనేశ్వర్‌లో ఖనిజాల పరిశోధన సంస్థ, నాగపూర్‌లో అల్యూమినియం కోసమే పెట్టిన జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రం, రూర్కెలా ఎన్.ఐ.టి., ఇప్పుడు మీ కాలేజీ. ఇటుక సంగతే తీసుకో. ఎర్ర బురదలో సగం ఇనుము తుప్పే. అందుకే కాల్చితే మంచి రంగు వస్తుంది, గట్టిదనమూ వస్తుంది. ప్రయోగశాలలో ప్రెస్సు కింద పెడితే నిలబడుతుంది, పేపరు అచ్చవుతుంది. రెండు వానలయ్యాక ఆ గోడ చూడు. మిగిలిన సోడా చెమ్మతో బయటికి వచ్చి తెల్లగా ఉప్పు పడుతుంది, పూత రాలుతుంది. కాల్చకుండా ఫ్లై యాష్ కలిపి జియోపాలిమర్ చేయడం దీనికన్నా తెలివైన ఎత్తు. అక్కడ ఇన్నాళ్ళూ శత్రువైన సోడాయే బూడిదలోని సిలికానీ అల్యూమినానీ కరిగించి, ముడివేసి రాయిలా కట్టిస్తుంది. నాకిష్టమైన కెమిస్ట్రీ ఇది, దోషాన్ని పనికి పెట్టుకోవడం. అదనంగా వేయాల్సిన సోడియం సిలికేట్ ధర మాత్రం అంత తేలిగ్గా కరగదు.

దాన్నీ దాటావనుకో, లారీ కిరాయి ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలు ఇనుము కోసం ఈ బురద కొంత కలుపుకుంటాయి. కానీ కొండల మధ్యనుంచి తడి మట్టిని వందల కిలోమీటర్లు మోస్తే మట్టి విలువ కన్నా డీజిలు ఎక్కువవుతుంది. మీ ప్రాజెక్టు రిపోర్టులో బలం ఎన్ని మెగాపాస్కల్సో రాశారు. ఎక్కడికి, ఎంతకి మోస్తారన్న పేజీ లేదు. నేనే గైడునైతే ఆ పేజీ రాసేదాకా సంతకం పెట్టను.

స్కాండియం, గాలియం మాట వేరు. అవి చారెడంత ఉన్నా మోసుకెళ్ళచ్చు. గాలియం బురదలో కన్నా ఆ సోడా ద్రావణంలో ఎక్కువ తిరుగుతుంది. ఎల్.ఇ.డి. దీపాలకి, సెమీకండక్టర్లకి కావాలి. స్కాండియం బురదలోనే ఉండిపోతుంది. అల్యూమినియంలో చిటికెడు కలిపితే విమానం భాగాలకి పనికొచ్చేంత బలం ఇస్తుంది. తీయడం సాధ్యమే. టన్ను బురదలో గ్రాముల లెక్కన ఉన్నదాని కోసం ఎంత ఆమ్లం పోస్తావు, ఆ ఆమ్లం మళ్ళీ ఏ చెరువులో పోస్తావు అన్నది అసలు ప్రశ్న.

అమ్మలూ, నువ్వు ఊరికే వింటున్నావేం? నీ వంతు వచ్చింది.

దామన్‌జోడి కట్టినప్పుడు దాదాపు ఆరు వందల కుటుంబాలు ఇళ్ళు వదిలాయి. వాల్టర్ ఫెర్నాండెజ్ లాంటి సామాజిక శాస్త్రవేత్తలు ఒడిశా నిర్వాసితుల మీద ఏళ్ళ తరబడి పనిచేసి ఒక సంగతి బయటపెట్టారు. పరిహారం లెక్క పట్టాతో మొదలవుతుంది. పోడు చేసుకునే కొండవాలుకి పట్టా ఉండదు. పశువులు మేసే బీడుకి, అడ్డాకులు, చింతపండు ఏరుకునే అడవికి ఉండదు. ఇంట్లోకి వచ్చే తిండిలో సగం పట్టా లేని చోటునుంచే వస్తుంటే, లెక్కలో ఆ సగానికి గడే లేదు. నీ సర్వే ఫారంలో ‘భూమి ఎన్ని ఎకరాలు’ అన్న ప్రశ్న చూశాను. కొట్టేసి, ‘నిరుడు ఏ నెలలో ఏం తిన్నారు, ఎక్కడిది’ అని రాయి.

తర్వాతి కథ రాయగడ జిల్లాది. కాశీపూర్ వైపు బాఫ్లిమాలి బాక్సైట్ కోసం కర్మాగారం వస్తుందంటే ఏళ్ళ తరబడి గొడవ నడిచింది. 2000 డిసెంబరు 16న మైకంచ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు గిరిజనులు చనిపోయారు. ఆ కర్మాగారం చివరికి వచ్చింది, నడుస్తోంది. నియమగిరి మీద కూడా బాక్సైట్ గని తవ్వాలనుకున్నారు, అక్కడ మాత్రం దారి మారింది. డోంగ్రియా కోంధులకి ఆ కొండ వాళ్ళ దేవుడు నియమరాజు ఉండే చోటు. గని తవ్వితే నీళ్ళకేమవుతుందో చూడమని రాంచీలోని గనుల ప్లానింగు సంస్థ సి.ఎం.పి.డి.ఐ.కి, అడవి జంతువుల మాట చూడమని డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థకి అప్పగించారు. తవ్వకంతో పగుళ్ళు ఏర్పడి నీరు ఇంకా బాగా ఇంకుతుందని మొదటివాళ్ళు అన్నారు. రెండోవాళ్ళు హాని ఎక్కువన్నారు. చూశావా, ఒకే కొండ, రెండు రిపోర్టులు.

నన్నడిగితే మొదటి రిపోర్టులో నీరు ఇంకడం గురించి ఉన్నది కానీ నీరు ఆగడం గురించి చాలినంత లేదు. వాన వేగంగా ఇంకినంత మాత్రాన మే నెలలో గెడ్డ పారదు. ఇంకిన నీరు నెమ్మదిగా నడవాలి. ఆ నిదానం చిల్లుల పొర మందంలో ఉంది, ఆ పొరనే మనం బెల్టు మీద కిందికి దింపుతున్నాం. తవ్విన గోతుల్ని మన్నుతో పూడ్చి మొక్కలు నాటుతారు, కాదనను. పూడ్చిన మన్ను పాత పొరలాగే నీటిని పట్టి, అంతే నిదానంగా వదులుతుందా అన్నది ఏళ్ళ కొలతలతో తేలాలి, వాదనతో కాదు.

2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గ్రామసభల ముందు పెట్టమంది. రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5, మొత్తం 12 ఊళ్ళు. న్యాయాధికారి ఎదుట కూచుని ఆ వానాకాలంలో ఊరూరా అన్నీ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. కొలిచినవాళ్ళ మాట తేడా వచ్చిన చోట, రోజూ నీళ్ళు మోసేవాళ్ళ మాటకి విలువ దొరికిన సందర్భం అది.

గ్రామస్తుల తెలివి అంటే దండాలు పెట్టే సెంటిమెంటు కాదురా. 1955 నుంచి 59 దాకా కటకం వరి పరిశోధన సంస్థ వాళ్ళు జయపురం ప్రాంతంలో ఊరూరా తిరిగి 1,700 పైచిలుకు వరి రకాలు సేకరించారు. అన్ని రకాలు ఏ యూనివర్సిటీ తయారు చేసింది? పల్లానికొకటి, మెరకకొకటి, పండక్కొకటి అని ఏరి దాచింది ఇక్కడి ఆడవాళ్ళే. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఏ.ఓ.) కోరాపుట్ వ్యవసాయాన్ని ప్రపంచ వారసత్వ వ్యవసాయ వ్యవస్థల్లో చేర్చింది. విత్తనాలు దాచిన జయపురం దగ్గరి కమలా పూజారికి 2019లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇంజనీరు ఎదుటివాడి మాట వింటే ఏమవుతుందో చూడాలంటే పార్వతీపురం దగ్గరి కొమరాడ వెళ్ళు. కోరాపుట్ కొండల్లో పుట్టే జంఝావతి మీద ఆనకట్ట కడితే ఒడిశా ఊళ్ళు మునుగుతాయని పంచాయితీ ఏళ్ళ తరబడి తెగలేదు. ఆఖరికి ఆస్ట్రియా పరిజ్ఞానంతో రబ్బరు ఆనకట్ట పెట్టారు, 2006లో. కావలసినప్పుడు ఉబ్బుతుంది, వరద వస్తే గాలి తీసినట్టు పడుకుంటుంది. నీళ్ళు కాసిని ఆగాయి, ఊళ్ళు మునగలేదు. రాజీ అనేది కూడా ఒక డిజైనే.

ఇంక మీ ఇద్దరికీ ఒక పని చెప్తాను. మామూలు 20 లీటర్ల బకెట్టు, ఒక గడియారం చాలు. ఒకటి గని తవ్వుతున్న కొండ కింద, ఇంకొకటి తవ్వని కొండ కింద, రెండు ఊటలు ఎంచుకోండి. ముందు ఊరి పెద్దల్ని అడగండి, కొన్ని ఊటల దగ్గరికి పైవాళ్ళు వెళ్ళకూడదు. గొట్టమో, దొప్పో పెట్టి నీరంతా బకెట్టులో పడేట్టు చూడాలి. నిండటానికి 40 సెకన్లు పట్టిందనుకో, సెకనుకి అర లీటరు, రోజుకి 43,200 లీటర్లు. మనిషికి 55 లీటర్లు అన్నది సర్కారు కొళాయి పథకం లెక్క. అలా చూస్తే 785 మందికి సరిపోయే ఊట అది. ఒక్కసారి కొలిచి ఊరుకోకూడదు, నెలకోసారి, అదే చోట. పక్కన వాన కొలిచే గొట్టం కూడా పెట్టు.

నువ్వు సెకన్లు లెక్కపెడుతుంటే చెల్లి నీళ్ళకొచ్చిన ముసలమ్మలతో మాట్లాడుతుంది. ఏ ఏడు ఎండింది, ఏ నెలదాకా వచ్చేది, అప్పుడు బిందె పట్టుకుని ఎంత దూరం పోయారు. ఇద్దరి లెక్కలూ ఒకే పుస్తకంలో, ఎదురెదురు పేజీల్లో రాయండి. మార్చిలోనే మొదలుపెట్టండి. జూన్ వచ్చాక అన్ని గెడ్డలూ నిండుగానే పారతాయి, తేడా ఏమీ కనపడదు.